బాపు బండి నా పేరు మీదికి రావడానికి ఏడు సార్లు

మొన్న మార్చిలో ములుగు రోడ్డు దగ్గర పోలీసులు బండ్లు ఆపుతుంటే నన్నూ ఆపారు. హెల్మెట్ ఉంది, లైసెన్సు ఉంది, ఇన్సూరెన్సు ఉంది, కాబట్టి నాకేం టెన్షన్ లేదు. ఆర్సీ ఇచ్చాను. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓనర్ ఎవరు?" అన్నాడు. మా బాపు అన్నాను. "ఫోన్ చెయ్, ఒకసారి మాట్లాడుత" అన్నాడు. చనిపోయిండు సార్ అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆర్సీ మీద తేదీ చూపించి, "ఇది కూడా అయిపోయింది తమ్మీ, పోయిన అక్టోబర్‌లనే. ముందు పేరు మార్పించుకో" అని, ఫైను రాయకుండానే పంపించాడు. ఈ మొత్తం కథలో మొదటిసారి ఆగకుండా పని జరిగింది ఆ రోడ్డు మీదే.

బండి హీరో హోండా స్ప్లెండర్, 2009 లో కొన్నాడు బాపు. నంబరు ఏపీ 36 తో మొదలవుతుంది. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ అప్పట్లో ఏటూరునాగారం నుంచి జనగామ దాకా ఎవరి బండి చూసినా ఏపీ 36 ఉండేది, ఉమ్మడి వరంగల్ జిల్లా అంతటికీ ఒకటే నంబరు. తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీజీ వచ్చింది, మా బండి మీద మాత్రం ఏపీ అట్లాగే ఉండిపోయింది. 2010 మేడారం జాతరకు ఆ బండి మీదే పోయాం, ముందర బెల్లం మూట, వెనక నేను, నా వెనక అమ్మ. పత్తి ఏరడం అయిపోయాక ఏనుమాముల మార్కెట్‌లో ధర ఎట్లుందో చూసి వస్తానని దాని మీదే పోయేవాడు. బాపు పోయింది 2023 జనవరిలో. ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలపాలని, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్చుకోవాలని రూల్ ఉందట. దశదిన కర్మకు టెంటు ఎవరిని అడగాలా, సామాన్లు ఎవరి దగ్గర తేవాలా అని తిరిగేవాడికి ఫారం 31 ఎక్కడ గుర్తొస్తుంది? నాకైతే అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. అట్లా రెండేళ్ళు గడిచాయి, ఆ మధ్యలో బండికి పదిహేనేళ్ళు నిండి ఆర్సీ గడువు కూడా తీరిపోయింది.

ఏ ఆఫీసుకు పోవాలన్నదే మొదటి ప్రశ్న. మా పాత జిల్లా 2016 లో ఐదు ముక్కలైంది, 2019 లో ములుగు విడిపోయి ఆరైంది. మధ్యలో అర్బన్, రూరల్ అన్నారు, 2021 లో ఆ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. పరకాల వాళ్ళనో శాయంపేట వాళ్ళనో అడగండి, వరంగల్ జిల్లాలో పుట్టి, కొన్నాళ్ళు వరంగల్ రూరల్‌లో ఉండి, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నారు, ఇల్లు మాత్రం గజం కదల్లేదు. మాదీ అలాంటి ఊరే అనుకోండి. మా మండలం పేరు రాస్తే ఏ ఆఫీసో తెలిసిపోతుంది, అందుకని రాయను. ఆరు జిల్లాల్లో ఏదో ఒకటి. ఎవరిమీదో పగ తీర్చుకోవడానికి రాస్తున్నది కాదు ఇది.

మొదటిసారి పోయింది ఏప్రిల్‌లో. గేటు దాటకముందే టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒకాయన, పేరు అడగలేదు గానీ అందరూ ఆయన్ను అన్నా అంటున్నారు, "ఏం పని తమ్మీ?" అన్నాడు. చెప్పాను. ఆయన నా చేతిలోంచి ఆర్సీ తీసుకుని, ఒక్క చూపు చూసి, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మది, చెల్లెది నో అబ్జెక్షన్ బాండ్ పేపర్ మీద నోటరీ చేయించి, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫైనాన్స్ ఎక్కి ఉంది చూడు, దాని ఎన్‌వోసీ, రెన్యువల్ కూడా చెయ్యాలె, బండి తేవాలె. ఆరు వేలు. నువ్వు ఒక్కరోజు వస్తే చాలు." నాకు నవ్వొచ్చింది. ఆరు వేలా, ఎందుకియ్యాలి, నా కాగితాలు నేను చూసుకోలేనా, డిగ్రీ చదివినోణ్ని కాదా అనుకుని లోపలికి పోయాను. ఆయన చెప్పిన ఆ జాబితాను ఆ రోజే ఫోన్‌లో రాసిపెట్టుకుని ఉంటే ఈ పోస్టు సగంలోనే అయిపోయేది.

లోపల కౌంటర్లో, "ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ సర్టిఫికెట్ తీసుకుని ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని రా" అన్నారు. మూడే కదా అని సంతోషపడ్డాను. డెత్ సర్టిఫికెట్ పంచాయతీ నుంచి అప్పుడే తెచ్చిపెట్టి ఉంచాం, ఫ్యామిలీ సర్టిఫికెట్‌కు మీసేవలో అప్లై చేస్తే ఎమ్మార్వో ఆఫీసు నుంచి విచారణకు వచ్చి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని ఇచ్చారు. మూడు వారాలు పట్టింది. పర్వాలేదు అనుకున్నా.

రెండోసారి, మే నెల. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మా వైపు మే నెలలో రేకుల షెడ్డు కింద లైన్లో నిలబడటమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. స్లాట్ పదకొండింటికి, పిలిచింది మూడున్నరకు. ఫైలు తిప్పి చూసి, "హెచ్‌పీ తీసేయించలేదేంది? ఫైనాన్స్ ఉన్న బండి ఎట్లా మారుస్తం?" అన్నాడు గుమాస్తా. హెచ్‌పీ అంటే ఆర్సీ మీద ఎక్కి ఉండే ఫైనాన్స్ కంపెనీ పేరు. బాపు ఆ అప్పు 2012 లోనే కట్టేశాడు. కట్టేసిన రోజు స్వీట్లు తెచ్చింది నాకు గుర్తుంది. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్ళిచ్చిన ఎన్‌వోసీ కాగితం ఇంట్లో సందుకలో ఉందని కూడా తెలుసు, కానీ ఆ కాగితం తీసుకుని ఆఫీసుకు పోయి, ఫారం 35 పెట్టి, ఆర్సీ మీద నుంచి ఫైనాన్స్ పేరు కొట్టివేయించుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అప్పు తీరితే బండి మనదే అని ఎవరైనా అనుకుంటారు. మన ఊళ్ళల్లో ఎంతమంది ఆర్సీల మీద తీరిపోయిన అప్పులు అట్లా పడి ఉన్నాయో, ఇది చదివాక మీ ఆర్సీ ఒకసారి తీసి చూసుకోండి, నిజంగా చెప్తున్నా.

మర్నాడు సందుకలో వెతికితే ఎన్‌వోసీ దొరికింది, బాపు దాన్ని పాసుబుక్కు మధ్యలో పెట్టి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంచాడు. పన్నెండేళ్ళ కాగితం, ఒక్క మడత చెరగలేదు. కానీ అంత పాతది చెల్లదు, కొత్త తేదీతో కావాలి, దాంతో పాటు ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ళ ముద్ర, సంతకం కావాలి అన్నారు ఫోన్‌లో. ఆ ఫైనాన్స్ కంపెనీ ఆఫీసు ఒకప్పుడు ఉన్న చోట ఇప్పుడు బట్టల దుకాణం ఉంది. ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసింది, ఆ ఇంకో కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మెయిల్ పెడితే చనిపోయిన వ్యక్తి అకౌంట్ కాబట్టి మళ్ళీ డెత్ సర్టిఫికెట్, మళ్ళీ ఫ్యామిలీ సర్టిఫికెట్. ఈ భాగం గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి, వదిలేస్తా. జులై చివర్లో కొరియర్‌లో వచ్చింది.

మూడోసారి పోయినప్పుడు కౌంటర్లో కొత్త మనిషి ఉన్నాడు. ఈయన నిజంగా జాగ్రత్తపరుడు. కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పెన్ను కొనతో ఒక్కో అక్షరం చూశాడు. మా వైపు కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టుకున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, ఆ పేరు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒకచోట యు ఉంటుంది, ఇంకోచోట ఉండదు, రాసినవాడి ఇష్టం. బాపు పేరులో ఆర్సీ మీద యు ఉంది, డెత్ సర్టిఫికెట్ మీద లేదు. "ఇద్దరూ ఒక్కరే అని ఎట్లా నమ్మాలె?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, ఆయన ఉద్యోగం అది. కానీ నాకు లోపల ఏదో కదిలింది. సార్, ఆయన మా బాపు, ఒక్కడే ఉన్నాడు, ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు అన్నాను. ఆయన తల దించుకుని, "అఫిడవిట్ తెచ్చుకో" అని మాత్రం అన్నాడు. "అట్లనే అమ్మది, చెల్లెది నో అబ్జెక్షన్ కూడా, 100 రూపాయల బాండ్ మీద."

అదీ మొదటిరోజు టీ కొట్టు దగ్గర ఆయన చెప్పిందే. లోపల చెప్పలేదు.

నాకు ఎక్కువ మంట అక్కడే. లంచం గురించి అందరూ రాస్తారు, రాయాలి కూడా. ఆ ఆఫీసులో గోడ మీద లంచం అడిగితే 1064 కు ఫోన్ చేయండి అని ఏసీబీ బోర్డు ఉంది, దాని కిందే నీడ బాగుంటుందని ఏజెంట్లు బండ్లు పెట్టుకుంటారు, అది వేరే సంగతి. కానీ నన్ను ఎవరూ లంచం అడగలేదు. ఏడు సార్లు పోతే ఒక్క మనిషి కూడా నోరు తెరిచి ఇంత ఇయ్యి అనలేదు. వాళ్ళు చేసింది ఒక్కటే, ప్రతిసారీ ఒక్క కాగితం పేరు మాత్రమే చెప్పడం. కావాలని చేస్తారని కూడా అనను, అడిగినదానికే జవాబు చెప్పడం అలవాటైపోయి ఉంటుంది. ఏం అడగాలో తెలియనివాడు అడగలేడు. బయట ఏజెంట్ అమ్మేది ఆ మొత్తం జాబితానే. ఒక నిమిషంలో చెప్పిన జాబితాకు ఆరు వేలు ఎక్కువే కావచ్చు గానీ, నాకు పోయిన ఏడు రోజుల జీతం, పెట్రోలు, జిరాక్సులు, చెల్లె జమ్మికుంట నుంచి చిన్నపిల్లను ఎత్తుకుని సంతకం పెట్టడానికి వచ్చిపోయిన ఖర్చు లెక్క కడితే, ఎవరు తెలివైనవాళ్ళో చెప్పడానికి నోరు రావడం లేదు. మా బావ అయితే ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఏమైంది బావా, కలెక్టర్ ఆఫీసు దాకా పోయిందా ఫైలు?" అని నవ్వుతాడు.

నాలుగోసారి సర్వర్ డౌన్. దాని గురించి ఏముంది రాయడానికి. చాలా రాష్ట్రాలు ఎప్పుడో వాహన్, సారథి పోర్టల్‌లోకి పోతే మనవాళ్ళు చాలా ఏళ్ళు సొంత సాఫ్ట్‌వేర్ మీదే నడిపారు. ఏది నడిపినా నాకు అభ్యంతరం లేదు, నేను పోయిన రోజు నడిస్తే చాలు. ఆ రోజు లైన్లో ఒక అమ్మాయి ఏడుపు మొహంతో ఉంది, ఎల్‌ఎల్‌ఆర్, అంటే లర్నింగ్ లైసెన్సు, తీసుకుని మర్నాటికి ఆరు నెలలు నిండుతాయట, ఆ రోజు టెస్టు కాకపోతే లర్నింగ్ మళ్ళీ మొదటి నుంచి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన నెల రోజులకే టెస్టుకు రావచ్చు కదమ్మా, ఇన్నాళ్ళు ఏం చేశావ్ అని ఒక పెద్దమనిషి సలహా ఇస్తున్నాడు. ఆయన వచ్చింది తన లైసెన్సు రెన్యువల్ కోసం, గడువు తీరి ఏడాది దాటిపోయింది, కాబట్టి అరవై ఏళ్ళ వయసులో ఆయన మళ్ళీ ట్రాక్ మీద టెస్టు ఇవ్వాలి. ఏడాదిలోపు వచ్చి ఉంటే టెస్టు ఉండేది కాదు. ఆ అమ్మాయి ఈ సంగతి విన్నాక కొంచెం నవ్వింది.

ఐదోసారి దగ్గర నేను నిజంగానే చేతులెత్తేశాను. అన్ని కాగితాలూ ఉన్నాయి, అఫిడవిట్లు ఉన్నాయి, యు ఉన్న బాపు, యు లేని బాపు ఒక్కరే అని నోటరీ సాక్షిగా రుజువైంది. గుమాస్తా కంప్యూటర్లో నంబరు కొట్టి, "ఆర్సీ వ్యాలిడిటీ అయిపోయింది, ముందు రెన్యువల్ చేయించు, తర్వాత పేరు మార్చుదాం" అన్నాడు. సరే అని రెన్యువల్ కౌంటర్ దగ్గరికి పోతే అక్కడి మేడమ్ ఫారం 25 చేతికిచ్చి, "ఓనర్ సంతకం ఇక్కడ" అంది. ఓనర్ లేడు మేడమ్. "అయితే ముందు పేరు మార్పించుకో, తర్వాత రెన్యువల్." నేను ఈ కౌంటర్ నుంచి ఆ కౌంటర్‌కు, ఆ కౌంటర్ నుంచి ఈ కౌంటర్‌కు మూడు సార్లు నడిచాను. పదిహేను అడుగుల దూరం. ఒకరి మాట ఒకరికి వినిపించే దూరమే. పేరు మారాలంటే గడువు ఉండాలి, గడువు రావాలంటే పేరు ఉన్నాయన వచ్చి సంతకం పెట్టాలి. బాపు వచ్చి సంతకం పెట్టి పోయేటట్టుంటే నాకీ బండి గొడవే ఎందుకు.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నా. మొదటిరోజు చూసినాయన అక్కడే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టాడు. ఇప్పుడు ఆరు వేలిస్తానన్నా నాకు సిగ్గులేదు, ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయనే, "ఎక్కడ ఆగింది?" అన్నాడు. చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి, "రెండూ ఒకటే ఫైల్ల పెట్టొచ్చు. కౌంటర్ల దగ్గర కాదు, పెద్ద సార్ దగ్గరికి పో, పన్నెండు లోపల ఉంటడు, ఆయన రాసిస్తే వీళ్ళు చేస్తరు" అన్నాడు. డబ్బులు అడగలేదు. నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. ఇది చదివే వాళ్ళలో ఏజెంట్లందరినీ దొంగలనేవాళ్ళుంటారు, నేను కూడా అన్నవాణ్నే, ఇప్పుడు ఏమనాలో నాకూ సరిగ్గా తెలియడం లేదు.

పెద్ద సార్ గదిలో నేను ఉన్నది ఐదు నిమిషాలు. ఆయన మొత్తం విని, ఫైలు మీద రెండు లైన్లు రాసి సంతకం పెట్టాడు, "రేపు బండి తీసుకురండి, ఇన్‌స్పెక్షన్ అయితే రెండూ ఒకేసారి అయిపోతయి" అన్నాడు. ఇంత సులువైన పనికి ఆ రెండు కౌంటర్ల మధ్య నేను ఎందుకు నడిచానో అడుగుదామనుకున్నా, కానీ అయ్యే పనిని ఆపుకోవడం ఎందుకని దండం పెట్టి వచ్చేశా.

ఇక బండి సంగతి. గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు, కానీ గడువు పొడిగించాలంటే బండిని ఆఫీసుకు తీసుకుపోవాలి. మా ఊరి నుంచి ట్రాలీ ఆటోలో వేసుకుని పోయాను, తాళ్ళతో కట్టి, పెళ్ళికి పోతున్న బీరువాలాగా. అంతకుముందు రోజు సాయంత్రం అమ్మా నేనూ కలిసి బండి కడిగాం. నంబర్ ప్లేటు పైన సమ్మక్క సారలమ్మ స్టిక్కరు సగం చిరిగి ఉంది, బాపు జాతర నుంచి వస్తూ అతికించింది. అది తీసేద్దామా అంటే అమ్మ వద్దంది. ఛాసిస్ నంబర్ హ్యాండిల్ కింద మెడ దగ్గర ఉంటుంది, తుప్పు పట్టి అక్షరాలు కనబడటం లేదు, కిరోసిన్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో గీస్తే మెల్లగా ఒక్కో అంకె తేలింది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి గీసేవాళ్ళం, అట్లా. అమ్మ లైటు పట్టుకుంది.

ఆఫీసు దగ్గర దింపాక ఒక పంక్చర్ షాపాయన వచ్చి, "అద్దాలు లేవు కదన్నా, అద్దెకు ఇస్త, యాభై" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నాం, తీసుకున్నా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి, హారన్ కొట్టించి, ఇండికేటర్లు చూసి, పెన్సిల్ ప్రింట్‌ను నంబర్‌తో పోల్చి, ఇంజిన్ చప్పుడు విని, "పదిహేనేళ్ళ బండి ఇంత బాగుందేంది, ఎవరు మెయింటెయిన్ చేసింది?" అన్నాడు. ఓనర్ సార్ అన్నాను. ఫోటో దిగా, వేలిముద్ర వేశా, గ్రీన్ ట్యాక్సూ, ఆలస్యానికి వేసినదీ అన్నీ కట్టా. కార్డు స్పీడ్ పోస్టులో ఇంటికి వస్తుందన్నారు. యాభై రూపాయల అద్దాలు తిరిగి ఇచ్చేస్తుంటే ఆ షాపాయన, "ఉంచుకో అన్నా, ఇంకో వంద ఇయ్యి" అన్నాడు. ఉంచుకున్నా.

ఏడోసారి ఎందుకంటే, పోస్టు వచ్చిన రోజు మేం పత్తి చేలో ఉన్నాం. ఇంటికి తాళం. కవరు తిరిగి ఆఫీసుకే పోయింది. అలాంటివి లోపల ఒక బల్ల మీద కట్టలు కట్టలుగా ఉన్నాయి, ఆధార్ చూపించి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. ఈసారి పావుగంటలో అయిపోయింది. నాకే నమ్మబుద్ధి కాలేదు, గేటు దగ్గర నిలబడి కవరు చించి చూసుకున్నా. నంబరు అదే, ఏపీ 36. గడువు ఇంకో ఐదేళ్ళు. ఫైనాన్స్ గడి ఖాళీ.

ఇంటికొచ్చి అమ్మకు ఇచ్చాను. ఆమెకు ఇంగ్లిష్ రాదు, కానీ బాపు పేరు ఎట్లా ఉంటుందో బొమ్మలాగా గుర్తు, రేషన్ కార్డు మీద, పాసుబుక్కు మీద, కరెంటు బిల్లు మీద చూసి చూసి. మొదటి వరుస మీద వేలు పెట్టి, "ఇది బాపుది కాదు కదా" అంది. కాదు, నాది అన్నాను. వేలు కొంచెం కిందికి జరిపింది, తండ్రి పేరు రాసే చోటికి. "ఇదిగో," అంది.

యు లేకుండానే రాశారు.